మూసిన తలుపు వెనక మాటలు

బట్టల మిల్లుల పట్నంలోని గోడాదరా బస్తీలో వినోద వాళ్లుండే వరుసలో చివరి గది తాళం పట్టపగలే పగిలింది. ఆ ఇంటివాళ్లు పనుల నుంచి వచ్చేసరికి బీరువా బార్లా తెరిచి ఉంది. గ్యాస్ సిలిండర్ కూడా వదల్లేదు. ఆనాటి నుంచి వినోదకు కాలు ఒకచోట నిలవడం లేదు.

ఆమె మార్కెట్లో చీరలు మడతపెట్టి ప్యాక్ చేసే పనికి పోతుంది. భర్త సంపత్‌ది మరమగ్గాల కార్ఖానాలో, సాంచెల మీద పగటి షిఫ్టు. నిరుడు దాకా వాళ్ల గదికి తాళం అవసరమే పడలేదు. సంపత్ తండ్రి రాజనర్సు రోజంతా గుమ్మంలో కూర్చుని, మెట్లెక్కిన ప్రతివాళ్లనూ నిలదీసేవాడు. వానాకాలంలో జ్వరమొచ్చి ఆయన పోయాకే తాళం కొన్నారు.

చీర మడతపెడుతుంటే వినోద కళ్లలో ఆ తాళమే మెదిలేది. వేశానా? లాగి చూశానా? ఓసారి సగం దారిలో ఆటో దిగి వెనక్కి వచ్చింది. తాళం వేసే ఉంది. ఆలస్యమైందని పనిలో తిట్లు పడ్డాయి.

పక్క గది లలితమ్మ కూడా అదే పనికి వస్తుంది. ఆమె ఓ ఉపాయం చెప్పింది. "బయటికి తాళం కనబడితేనే గదా దొంగకు ధైర్యం. లోపట పడే తాళం బిగించుకో. మొగోళ్ల చెప్పులు బయట పెట్టు. మనిషున్నడనుకుంటరు."

వినోద అలాగే చేసింది. సంపత్ పాత చెప్పులు గుమ్మం ముందు పెట్టింది. రోజూ తడి లుంగీ ఒకటి తీగ మీద వేసింది. తలుపు లాగుతూ, "అన్నం గిన్నెల ఉన్నది, తినుండ్రి!" అని ఖాళీ గదిలోకి కేకేసేది. అయినా మార్కెట్ చేరేలోగా మళ్లీ తలుపే గుర్తొచ్చేది. చెప్పులు మాట్లాడవు కదా!

అప్పుడు అలమరలోని మామ ఫోన్ గుర్తొచ్చింది. రాజనర్సుకు రాయడం రాదు. కొడుకు షిఫ్టులో ఉంటే వాట్సాప్‌లో మాటలే రికార్డు చేసి పంపేవాడు. మొబైల్ దుకాణంలో ఆ మాటలన్నీ కలిపి, పాటలాగా మళ్లీ మళ్లీ మోగేలా చేయించింది. పొద్దున పోయేటప్పుడు చార్జింగ్ పెట్టి, సౌండు పెంచి పోయేది. సంపత్‌కు చెప్పలేదు. చెబితే వద్దంటాడు.

రెండు రోజులు నెమ్మదించింది. తర్వాత కొత్త దిగులు పట్టుకుంది. కరెంటు పోతే? చార్జర్ కాలితే?

ఒకరోజు సాయంత్రం ఆమె వచ్చేసరికి సంపత్ మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. కార్ఖానాలో మోటారు కాలిపోయి మధ్యాహ్నమే పంపేశారట. పక్కన టిఫిన్ డబ్బా మూత తీయకుండానే ఉంది.

"తాళంచెవి మర్చిపోయినవా?"

"ఉన్నది."

"మరి లోపటికి పోలేదేంది?"

మూసిన తలుపు వెనక నుంచి రాజనర్సు గొంతు వినిపించింది. "సంపతీ, తిన్నవా బిడ్డా? వాన పడుతున్నది, జర ఆగి రా."

సంపత్ తల ఎత్తలేదు. "తలుపు తీస్తే లేకుంటడు గదా," అన్నాడు.

వినోద గబగబా తలుపు తీసి ఫోన్ ఆపింది. అతను వెనకాలే వచ్చాడు. అప్పుడొచ్చింది కోపం.

"ఎవన్నడిగి చేసినవ్? సచ్చినంక గూడ మా బాపును కావలి పెడుతవా?"

"భయమైతున్నది!" ఆమె కూడా గట్టిగానే అంది. "పొద్దంత నా పానం ఈ తలుపు కాడనే ఉంటున్నది. నీకు చెబితే మనింట్ల ఏమున్నదని ఎత్తుకపోతరంటవు. మామ ఉన్నన్ని దినాలు నేను బేఫికర్ ఉన్న. ఇప్పుడెవలున్నరు?"

సంపత్ గోడకు ఆనుకుని కూర్చున్నాడు. తండ్రి పోయిన నాటి నుంచి ఆ మెసేజ్‌లు తెరవలేదని మాత్రం చెప్పాడు, ధైర్యం చాలక.

వినోద అన్నం వడ్డించి ముందు పెట్టింది. అతను ముద్ద కలిపి, నోట్లో పెట్టుకోకుండా, "మల్ల ఒకసారి పెట్టు," అన్నాడు.

మొత్తం విన్నాడు. బీడీలు తెమ్మన్న మాట దగ్గర నవ్వాడు, వెంటనే మోచేత్తో కళ్లు తుడుచుకున్నాడు. తిన్నాక ఫోన్ జేబులో వేసుకున్నాడు. "ఇది నా దగ్గర్నే ఉంటది."

మర్నాడు గది మూగగా ఉంటుందన్న ఆలోచనతో వినోద మార్కెట్‌కు పోలేకపోయింది. ఆ వారమే లలితమ్మతో మాట్లాడి, ఇద్దరూ ఇంటి దగ్గర చేసుకునే పని తెచ్చుకున్నారు. ఎంబ్రాయిడరీ చీరల వెనక వేలాడే దారాలు కత్తిరించడం. కూలి తక్కువే. వరండాలో చాప పరిచి, రెండు గదుల తలుపులూ తెరిచే పెట్టి, చీరల గుట్ట మధ్య కూర్చుంటున్నారు.

వెనక వీధిలో మళ్లీ ఓ ఇల్లు దోచారని విన్నారు. వీళ్ల వరుస జోలికి మాత్రం ఎవరూ రాలేదు. అయినా మెట్ల మీద అడుగుల చప్పుడైతే వినోద చేతిలో కత్తెర ఆగిపోతుంది. వచ్చేది తెలిసిన మనిషేనని తేలాకే మళ్లీ దారం తెగుతుంది.