తొలి దోసిలి

ఎర్రమ్మ తెడ్డు ఆపలేదు. ఇప్పపువ్వు వేగేటప్పుడు తెడ్డు ఆగితే అడుగున మాడుతుంది. మాడిన పువ్వు గుప్పెడు చాలు, గంపెడు లడ్డూలూ చేదెక్కడానికి. అందుకే భుజం పీకుతున్నా, చెమట కళ్ళలోకి జారుతున్నా, ఆ అరవై ఏళ్ళ మనిషి బాణలి చుట్టూ తెడ్డు తిప్పుతూనే ఉంది. తలకు గుడ్డ టోపీ, ఒంటికి నీలం ఏప్రన్, రెండూ సర్కారు సొమ్ముతో వచ్చినవే. వేళ్ళ సందుల్లో దిగిన ఇప్ప జిగురు నలుపు మాత్రం ఆమె సొంతం. అది ఎన్ని సబ్బులు రుద్దినా పోలేదు.

బూర్గంపాడు దాటాక అడవి అంచున ఉన్న ఆ రేకుల షెడ్డులో ఎనిమిది మంది ఆడవాళ్ళ సంఘం ఇప్పలడ్డూలు చేస్తుంది. ప్రభుత్వం ఇచ్చిన సొమ్ములో మొదటి విడత షెడ్డుకూ పొయ్యిలకూ అయిపోయింది. రెండో విడత వస్తేనే మిషన్లు, మిషన్లు వస్తేనే హాస్టళ్ళ ఆర్డరు. రాకపోతే షెడ్డుకు తాళమే. అందరూ మళ్ళీ ఆటోలెక్కి పరాయి ఊళ్ళ మిరపచేలకు పోవాలి. మిరప కోతల్లో ఎర్రమ్మకు ఇరవై ఏళ్ళు గడిచాయి. ఆ ఘాటుకు చేతులు మండి, రాత్రుళ్ళు మజ్జిగలో ముంచుకుని కూర్చునేది.

ఇవాళ మార్చి ఇరవై తొమ్మిది. ముప్పై ఒకటి దాటితే సొమ్ము వెనక్కి పోతుంది. తనిఖీ సారు వస్తానన్నది ఇది మూడోసారి. మొదటిసారి పూజారి బొజ్జయ్య వాళ్ళ అన్న చనిపోయాడని ఊరే వద్దంది, రెండోసారి మైల అంది. "ఇంకోసారి వద్దంటే ఫైలు మూసుడే," అని ఆయన ఫోనులో చెప్పేశాడు.

సర్కారు లెక్క మార్చితో ముగుస్తుంది. ఊరి లెక్క వేరే. కొత్త ఇప్పపువ్వు ఏరుకోవచ్చు, ఎండబెట్టుకోవచ్చు, సంతలో అమ్ముకోవచ్చు. పండుగ చేసి దేవరకు పెట్టేదాకా నోట్లో మాత్రం వేసుకోకూడదు. ఆ పండుగ ఈపాటికి అయిపోవలసింది, బొజ్జయ్య ఇంటి మైలతో వచ్చే నెలకు వాయిదా పడింది. పాత పువ్వేమో బస్తా అడుగంటింది. బాణలిలో వేగుతున్నది కొత్త పువ్వే.

తక్కినవాళ్ళు తప్పు చేస్తే కోడినిచ్చి దండం పెట్టుకుంటారు. ఎర్రమ్మకు ఆ వీలు లేదు. పండుగనాడు తొలి దోసిలి వండి దేవర ముందు పెట్టేది ఆమే. అత్త పోతూ పోతూ అప్పజెప్పిన పని, ముప్పై నాలుగేళ్ళుగా తప్పలేదు. ఆ వంట వండే మనిషి నోరు కొత్త పువ్వును ఎరగకూడదు. ఈ ఏడు మొట్టమొదట రాలిన పువ్వు దోసెడు ఆమె ఇంటి చూరుకు వెదురు బుట్టలో వేలాడుతోంది, పసుపు గుడ్డ కట్టుకుని.

"పెద్దమ్మా, నోట్లె ఏస్కోకుండ వేగింది లేనిది ఎట్ల తెలుస్తది?" అంది పుష్పలత. సంఘానికి అధ్యక్షురాలు, డిగ్రీ చదివిన పిల్ల. పొద్దుటినుంచి ఆమెకు ఒకచోట కాలు నిలవడం లేదు.

"ముక్కుతోని చూస్త. నువ్వు బెల్లం సంగతి చూడు బిడ్డా."

అంది గానీ, ఎర్రమ్మకూ ఆ నమ్మకం లేదు. ఏటా నాలుక చెప్పే మాట ఇవాళ ముక్కునడగాలి. వంగి ఆవిరి పీల్చింది. రెండు పువ్వులు వేళ్ళ మధ్య నలిపి చూసింది. కరకరమన్నాయి. దేవర మీద భారం వేసి బాణలి దించింది.

పదకొండింటికి జీపు వచ్చింది. దిగిన ప్రభాకర్ సారు చెడ్డవాడు కాదు, అదే వచ్చిన చిక్కు. చెడ్డవాడైతే చాటున నాలుగు తిట్టుకుని ఊరుకోవచ్చు. ఆయన చెప్పులు బయట విప్పి లోపలికొచ్చాడు, ఒక్కొక్కరి పేరూ అడిగాడు, పొయ్యిలు చూశాడు. పుష్పలత పళ్ళెం చాస్తే లడ్డూ తీసుకున్నాడు గానీ తినలేదు.

"పోయిన నెల వేరే ఊళ్ళ గిట్లనే చేసినయి తిని పిల్లలకు వాంతులైనయమ్మా. ముందు మీరు తినుండ్రి. నేను చూసి రాస్త."

పుష్పలత గబుక్కున ఒకటి నోట్లో వేసుకుంది.

"నువ్వు అధ్యక్షురాలివి, తింటవు. పొయ్యికాడున్న ఆమె తినాలె. చేసినామెనే తినకుంటే నేనేమని రాయాలె?"

పుష్పలత గొంతు సవరించుకుంది. "సార్, మా ఊళ్ళ పండుగ ఇంక..."

"ఈసారి పండుగనా?"

ఆయన కోప్పడలేదు. పెన్నుకు మూత పెట్టాడు, అంతే. ఆ చిన్న చప్పుడు ఎర్రమ్మ చెవిన పడింది. ముందు నుయ్యి, వెనక గొయ్యి. తలెత్తేసరికి ఎదురుగా సంఘంలోని రాజ్యశ్రీ. ఆ పిల్లకు ఏడో నెల. మిరపచేలో ఎట్లా వంగుతుంది? దేవరకు వచ్చే ఏడు కూడా పండుగ ఉంటుంది, ఈ పిల్లలకు ఎల్లుండి దాటితే ఏమీ ఉండదు.

"ఇటియ్యి," అని పళ్ళెంలోంచి లడ్డూ తీసుకుంది.

మెల్లగా నమిలింది. చేదు లేదు. ఇన్నేళ్ళలో వేపు ఇంత బాగా ఎన్నడూ కుదరలేదు. ఆ సంగతి తెలిసి కడుపులోంచి ఏడుపు తన్నుకొచ్చింది. మింగింది, లడ్డూతో పాటు దాన్ని కూడా.

"మంచిగున్నది సార్."

సారు పెన్ను మూత తీశాడు. నిలబడే రెండు లడ్డూలు తిన్నాడు, ఇంటికని ఒకటి రుమాలులో కట్టుకున్నాడు. "రేపే రిపోర్టు పంపిస్త. ముప్పై ఒకటి లోపల్నే పైసలు పడుతయి," అని చెప్పి జీపెక్కాడు. ఆడవాళ్ళు ఒకరినొకరు పట్టుకుని నవ్వారు. రాజ్యశ్రీ గోడకు ఆనుకుని కూర్చుండిపోయింది.

ఎర్రమ్మ బాణలి కడిగి బోర్లించి, ఏప్రన్ మేకుకు తగిలించింది. పుష్పలత వెనకాలే వచ్చింది.

"పెద్దమ్మా, దేవరకు కోడినిద్దాం. మేమెవ్వరం చెప్పం."

"మీరు చెప్పకున్నా నా నోటికి తెలుసు గద బిడ్డా. ఊళ్ళె ఉంటె ఆ వంట నేనే వండాలె," అంది ఎర్రమ్మ. తెడ్డు ఆ పిల్ల చేతిలో పెట్టింది. "రేపటి సంది నువ్వే సన్న మంట మీద తిప్పు. ఎవ్వలు పిలిచినా ఆపకు."

ఇంటికి వెళ్ళి తలంటుకుంది. మూడు చీరలు సంచిలో పెట్టుకుని, చూరు కిందనుంచి బుట్ట తీసుకుని బొజ్జయ్య ఇంటికి నడిచింది. ఆయన అరుగు మీద తాడు పేనుతున్నాడు.

"పండుగ దాక అది నీకాడనే ఉండాలె గద చెల్లె."

"ఈసారి నీ కోడలితోని వండియ్యన్నా. ఆమె ఇంక కొత్తది ముట్టలే గద?"

"ముట్టలే."

"నేను మణుగూరు పోతున్న. నా బిడ్డ ప్రమీల కాడికి."

బొజ్జయ్య చేతిలో తాడు ఆగింది. ఎర్రమ్మ కొంగు నుంచి వేగిన ఇప్పపువ్వు వాసన వస్తోంది. ఆయన ఆమె మొహం చూశాడు, నేల చూశాడు.

"మళ్ల ఎప్పుడొస్తవ్?"

"చూస్త."

ఆమే బుట్టను ఆయన చూరుకు తగిలించి, రెండు చేతులూ ఎత్తి మొక్కి, రోడ్డుకు నడిచింది. ఆటో వచ్చింది. మలుపు తిరిగేటప్పుడు ఒకసారి వెనక్కి చూసింది. బొజ్జయ్య చూరు కింద బుట్ట గాలికి మెల్లగా ఊగుతోంది, పసుపు గుడ్డకు ఆమె వేసిన ముడి ఇంకా విప్పకుండానే.