అసర్ వేళ మొసలి

మొసళ్ళను చూడ్డానికీ, ఫొటోలు తీయడానికీ ఒక చదువుంటుందంటే చీరాలలో పరుపుల కొట్టు నడిపే కుల్సుం మొదట నమ్మలేదు. నమ్మాక ఒంటికాలి మీద లేచింది. ఆమె భర్త గియాసుద్దీన్ నిదానస్తుడు. "నువ్వే పోయి చూసిరా. నచ్చిందా సరే, లేదంటే పిల్లని ఫార్మసీకి మార్పిద్దాం" అన్నాడు. అలా ఆవిడ కూతురి సెమిస్టరు సెలవుల్లో క్వీన్స్‌లాండ్ వచ్చి, ఉత్తరాన ఒక నది పక్కన, డేరా ముందు మడతకుర్చీలో కూర్చుంది. కూతురు అమ్రీన్ చదువు ఉండడమో ఊడడమో ఆ కుర్చీ చేతిలో ఉంది.

అమ్రీన్ వెంట క్లాస్‌మేట్ స్టీవ్ వచ్చాడు. టూవూంబాలో స్థిరపడ్డ తెలుగాయన ఎలియాజర్ అంకుల్ కొడుకు. తెలుగు అర్థమవుతుంది గానీ జవాబు ఇంగ్లీషులోనే. "ఆంటీ, నెవర్ గో నియర్ ద వాటర్, ఓకే?" అని వచ్చిన రోజే చెప్పాడు. కుల్సుం తల ఊపింది. అత్తగారి ముందు ఏళ్ళ తరబడి ఊపి ఊపి అలవాటైన తల అది. ఊపడానికీ వినడానికీ దానికి సంబంధం లేదు.

గుట్ట మీద మంచె కట్టుకుని అమ్రీన్ మధ్యాహ్నాలంతా కళ్ళల్లో వత్తులేసుకుని కూర్చునేది. అవతలి ఒడ్డు ఇసుకలో ఒక ముసలి మగ మొసలి నోరు తెరుచుకుని పడుండేది. దానికి నవాబు అని పేరు పెట్టుకుంది.

"కదలకుండా పడున్నదానికి ఇన్ని ఫొటోలెందుకే?" అంది కుల్సుం, ఫ్లాస్కులో టీ తెచ్చిస్తూ. "మీ నాన్న కూడా అన్నం తిన్నాక కొట్టులో ఇట్టాగే పడుకుంటాడు. ఆయన్ని తీయరాదూ?"

"అది పడుకోలేదమ్మా. చూస్తా ఉంటది."

"ఏం చూస్తదో!" అని నవ్వుతూ దిగిపోయింది.

ఆ నవ్వు చూసి అమ్రీన్‌కి ప్రాణం లేచొచ్చింది. అమ్మ మెత్తబడుతోంది.

మూడో రోజు సాయంత్రం ఎండ ఇంకా వెచ్చగా ఉండగానే నవాబు ఇసుక మీద లేడు. అమ్రీన్ కెమెరాలో పాత ఫొటోలు వెనక్కి తిప్పింది. మొన్న ఇదే వేళకి తల ఇటు తిప్పాడు. నిన్న ఇదే వేళకి ఏటి మధ్యలో ఉన్నాడు. ఇవాళ ఇవతలి ఒడ్డు దగ్గర నీళ్ళ మీద రెండు బుడిపెలు కనిపిస్తున్నాయి, అంతే. ఎవరి కోసం? ఆ కళ్ళు చూస్తున్న వైపే లెన్సు తిప్పింది.

పడవలు దించే చోట, మోచేతుల దాకా జాకెట్టు చేతులు మడుచుకుని, అమ్మ కూర్చుని ఉంది. సాయంత్రపు అసర్ నమాజుకి ముందు శుద్ధి కోసం వజూ చేసుకుంటూ, దోసిలితో నీళ్ళు పుక్కిలిస్తోంది.

అలవాటైన వేలు క్లిక్కుమనిపించింది. ఆ తర్వాత గుట్ట ఎలా దిగిందో అమ్రీన్‌కే తెలియదు. "అమ్మా, లే! పైకి రా!" అని అరుస్తూ వచ్చి, చెయ్యి పట్టి లాగింది. ఇద్దరూ గడ్డిలో పడ్డారు. వెనక నీళ్ళు ఒక్కసారి సుడి తిరిగి సద్దుమణిగాయి.

"చేప తుళ్ళిపడితే ఇంత గోలేందే!" అంది కుల్సుం మోచెయ్యి రుద్దుకుంటూ. "టాంకీలో మంచినీళ్ళు పాడుచేయడమెందుకని రోజూ ఈ వేళకి ఇక్కడే దిగుతన్నా. అయినా భయమేముంది? మీ నాన్నకి చెప్పేద్దామనుకుంటన్నా, మొసలి దూరంగానే ఉంటది, పిల్లని చదువుకోనీమని."

అమ్రీన్ ఇన్నాళ్ళూ ఏ మాట కోసం ఎదురుచూసిందో ఆ మాట వచ్చేసింది. అమ్మ ఏమీ చూడలేదు. ఒక్క మీట నొక్కితే ఆ ఫొటోలు ఉండవు.

కానీ రేపు అమ్మ మళ్ళీ దిగితే? మూడు రోజుల ఫొటోలూ వరసగా చూపించింది.

కుల్సుం చాలాసేపు చూసింది. చివరి దాంట్లో తన చేతులున్నాయి, కాస్త దూరంలో ఆ రెండు కళ్ళు.

"నా కోసమా?"

"ఒకే వేళకి ఒకే చోటికి వచ్చేవాళ్ళని అది గుర్తుపెట్టుకుంటదమ్మా."

కుల్సుం కూతుర్ని దగ్గరికి లాక్కుని భోరున ఏడ్చింది. అమ్రీన్ కూడా ఏడ్చింది. ఏడుస్తూనే, "ఫార్మసీలో చేరతాలే అమ్మా" అంది.

కుల్సుం కళ్ళు తుడుచుకుని, "ముందు నీళ్ళు పొయ్యి. నమాజు వేళ దాటిపోద్ది" అంది.

అమ్రీన్ టాంకీ నీళ్ళు క్యానులో పట్టుకొచ్చి, డేరా వెనక అమ్మ చేతుల మీదా పాదాల మీదా పోసింది. చిన్నప్పుడు తనకి అమ్మ పోసినట్టే, ఆగి ఆగి, సన్నటి ధారగా పోసింది.

కుల్సుం నమాజుకి జానమాజు చాప పరవబోతుంటే ఫోను మోగింది. గియాసుద్దీన్.

"ఆ, చూశానండీ," అంది కుల్సుం. గొంతు మామూలుగానే ఉంది. "మొసలి దూరంగానే ఉంటది. అసలు నీళ్ళ దగ్గరికే ఎవరం పోం. ఫార్మసీ లేదు, ఏం లేదు. ఈ పిల్ల చూసినట్టు ఎవరూ చూడలేరు, చదువుకోనీయండి."

ఫోను పెట్టేసి, మళ్ళీ జాకెట్టు చేతులు మోచేతుల దాకా మడుచుకుంది.

"అబద్ధమాడావేంటమ్మా?"

"ఆడాగా. ఈ నోటితో నమాజుకి ఎట్టా నిలబడేది? మళ్ళీ వజూ చేసుకోవాల. నీళ్ళు పొయ్యి."