అయిదో కాజా

మా ఆయన చొక్కాల ఫ్యాక్టరీలో కాజాలు కుడతాడు. గుండీ దూరే కన్నం ఉంది చూడండి, అదే కాజా. అంత చిన్న కన్నానికి ఒక మనిషీ, ఒక మిషనూ, ఒక జీతమూ ఎందుకని యజమానికి కొత్తగా అనుమానం వచ్చింది. కొందరిని తీసేస్తారని పుకారు పుట్టిన దగ్గర్నుంచి మా ఆయన నోరు మూతపడింది. పిల్లకి చెప్పులు తెగిపోయాయంటే విననట్టు నటించాడు. నాకు ఒళ్లు మండింది, ఆ వెంటనే జాలేసింది.

"ఏం కాదులెండి, నేను లేనూ?" అన్నాను.

"నువ్వేం చేస్తావే?" అన్నాడు. కసురుకోలేదు, నిజంగానే అడిగాడు. అదే నాకు ఎక్కువ బాధనిపించింది.

వేరేచోట పని అడగడానికి ఆయన సెలవు పెట్టి వెళ్లిన రోజు చూసుకుని, నేను అదే ఫ్యాక్టరీకి వెళ్లాను. చొక్కాలు మడతపెట్టే పనికి ఆడవాళ్లు కావాలని గేటు మీద అంటించారు మరి. ఫలానా ఆయన భార్యనని చెప్పలేదు. తెలిస్తే ఆయనకి తల కొట్టేసినట్టవుతుంది.

"మడతలు కాక ఇంకేమైనా వచ్చా?" అన్నాడు సూపర్‌వైజర్.

నా నోరు ఊరుకుంటేగా! "కాజాలు కూడా వచ్చండీ" అనేశాను. ఇంట్లో పాత మిషన్ మీద మా ఆయన దగ్గరుండి నేర్పిన పని అది.

ఖాళీగా ఉన్న మిషన్ చూపించాడు. స్టూలు మీద మా వంటింటి పాత కర్టెన్‌తో నేను కుట్టిచ్చిన మెత్త ఉంది. ఆయన సీటే! ఆయన పరువంతా నా చేతుల్లో ఉందన్నట్టు వరసగా నాలుగు కాజాలు కుట్టాను. ఒక్క పోగు లేవలేదు.

సూపర్‌వైజర్ చొక్కాని కిటికీ దగ్గర పట్టుకుని చూశాడు. "భలే! ఈ సీటులో అతనికి జీతం ఎక్కువ. ఇలా కుట్టేవాళ్లు ఇంకొకరు దొరక్క ఉంచాం. నువ్వు సగానికి వస్తానంటే అతన్ని పంపించేస్తాం. ఉండు, మేనేజర్‌ని పిలుస్తా."

మొగుడి పొట్ట కొట్టడానికా ఇంత ముస్తాబై వచ్చాను?

"ఏదీ, ఇంకొకటి కుట్టు" అన్నాడు మేనేజర్ వచ్చి. ఆ మిషన్‌లో కుట్టు పూర్తవగానే చిన్న కత్తి దిగి మధ్యలో చీలుస్తుంది. సరిగ్గా అది దిగేటప్పుడు గుడ్డని పక్కకి లాగాను. చొక్కా పర్రున చిరిగింది.

"ఈవిడా పనిమంతురాలు?" అని సూపర్‌వైజర్ మీద విరుచుకుపడ్డాడు మేనేజర్. "ఉన్నవాణ్ణే ఉంచండి!" అన్ని తిట్లు తిని అంత సంతోషంగా నేనెప్పుడూ ఇంటికి రాలేదు.

మర్నాడు సాయంత్రం ఆయన ఆ చిరిగిన చొక్కా పట్టుకుని వచ్చాడు. "ఎవరో మహాతల్లి నా మిషన్ మీద దీన్ని పాడుచేసి పోయిందట. దాంతో నన్ను తీయడం లేదన్నారు. ఇప్పటికైతే గండం గడిచింది."

"ఆవిడ కడుపు చల్లగా" అన్నాను, పొయ్యి వైపు తిరిగి.

ఆయన చొక్కాని బల్ల మీద పరిచి ఒక్కో కాజా మీదా వేలు పెట్టి చూశాడు. చివరి పోగుని లోపలికి దోపేయడం ఆయన పద్ధతి. అది నేర్పింది ఒక్కరికే.

"ఇవి నా చేతి పనిలా ఉన్నాయే" అన్నాడు.

చిరుగు మీద వేలు ఆనించి, నెమ్మదిగా అడిగాడు. "అయిదోది లాగినప్పుడు కత్తి వేలికి తగల్లేదు కదా?"

అప్పటిదాకా ఆపుకున్న ఏడుపు ఒక్కసారిగా వచ్చేసింది.