బకెట్టు మూతి

రోజూ ఇంట్లో వాడే వస్తువు ఒకటి తెచ్చుకుని గీయండి అని చెబితే, బొమ్మల క్లాసు పిల్లలు మోసుకొచ్చిన సరంజామా చూసి అదే క్లాసులోని ఒక అమ్మాయికి ఒళ్ళు మండిపోయింది. ఒకడు తీగలు తెగిన వయొలిన్ తెచ్చాడు. వాళ్ళింట్లో సరిగ్గా ఈల వేయడం కూడా ఎవరికీ చేతకాదు. ఒకతె ఎండిపోయిన గులాబీలు తెచ్చింది. ఇంకో మహానుభావుడు కొవ్వొత్తిని కావాలనే సగం కరిగించి, లావుపాటి పుస్తకం పక్కన నిలబెట్టి, పుస్తకం మీద వాళ్ళ తాతయ్య కళ్ళజోడు పెట్టాడు. పాపం తాతయ్య ఇంట్లో గోడలు తడుముకుంటూ తిరుగుతున్నాడేమో, మనవడికి పట్టలేదు. వీళ్ళెవరూ పొద్దున్నే లేచి మొహం కడుక్కోరా, గ్లాసు ముట్టుకోరా అనుకుంది.

ఆమె తెచ్చింది బకెట్టు. పెద్దమ్మ కుట్టు షాపులో కొత్త గుడ్డలు నానబెట్టే నీలం ప్లాస్టిక్ బకెట్టు. అంచు ఒకచోట చిట్లింది. పిడి ఊడిపోతే పెద్దమ్మ తీగ చుట్టి బిగించింది. క్లాసంతా పగలబడి నవ్వి, ఆ రోజు నుంచి ఆమెకి బకెట్టు అనే పేరే ఖాయం చేసింది. ఆమె దాన్ని చెవిన పెట్టలేదు.

చెవిన పెట్టక తప్పని మాట పెద్దమ్మది. అమ్మ పోయాక పెంచింది ఆవిడే. "ఏడాది చివర మీవాళ్ళు గోడకి బొమ్మలు తగిలిస్తారటగా. నీది ఎక్కితే ఇంకో ఏడు చదువుకో. ఎక్కకపోతే నోరు మూసుకుని వచ్చి మిషన్ ముందు కూర్చో" అని తేల్చి చెప్పేసింది. గోడకి ఏది ఎక్కాలో చెప్పేది మాత్రం రబ్బరు మాస్టారు.

ఆయన అసలు పేరు పిల్లలు ఎప్పుడో మరిచిపోయారు. ఒక చేతిలో రబ్బరు, ఇంకో చేతిలో పెన్సిలు పట్టుకుని, ఇస్త్రీ ప్యాంటు నలగకుండా పొట్టి బెంచీల వెనక తిరుగుతూ, ఎవరి గీతో ఒకటి చెరిపి తన గీత పెట్టడమే ఆయన చెప్పే పాఠం. ఆ బెంచీల మీద ఆయన కూర్చోగా చూసినవాళ్ళు లేరు. గిన్నె గీసినా గ్లాసు గీసినా మూతి దగ్గరికొచ్చేసరికి ఆయన చెయ్యి ఊరుకోదు. "ఇంత సన్నగానా? గుండ్రంగా తెరుచుకోవాలి!" అని చెరిపి, కోడిగుడ్డంత లావున గీసేవాడు. పిల్లలు బుద్ధిగా తలలూపేవాళ్ళు. ఆ ఊపుడు చూస్తే ఆమెకి అసహ్యం వేసేది.

ఎందుకంటే తప్పు ఎక్కడుందో ఆమెకి తెలిసిపోయింది. ఆయన నిలబడి చూస్తాడు. పైనుంచి చూస్తే బకెట్టు మూతి గుండ్రంగానే ఉంటుంది. గీసేవాళ్ళు పొట్టి బెంచీ మీద కూర్చుని చూస్తారు. అక్కణ్ణించి అదే మూతి సన్నగా, నిద్రకి మూతపడబోతున్న కన్నులా కనిపిస్తుంది. ఆయన దిద్దిన ప్రతి బొమ్మలోనూ గిన్నె ఒళ్ళు కూర్చున్నవాళ్ళకి, మూతి నిలబడ్డవాళ్ళకి. గోడల నిండా అలాంటివే, అన్నీ ముందుకు ఒలికిపోతున్నట్టు. ఇన్నేళ్ళలో ఒక్కడికీ అనుమానం రాలేదంటే వీళ్ళవి కళ్ళా, బొత్తాలా అనుకుంది.

ఆ రోజు రబ్బరు ఆమె బకెట్టు మీదికి వచ్చింది. ఆమె కాగితానికి చెయ్యి అడ్డం పెట్టింది.

"మాస్టారూ, చెరిపే ముందు ఒక్కసారి ఇక్కడ కూర్చుని చూడండి."

క్లాసంతా పెన్సిళ్ళు ఆపింది. ఆయనకి తప్పించుకునే దారి లేకపోయింది. ప్యాంటు మోకాళ్ళ దగ్గర పైకి లాక్కుని కూర్చున్నాడు. బకెట్టు చూశాడు, బొమ్మ చూశాడు, మళ్ళీ బకెట్టు చూశాడు. చెవులు ఎర్రబడ్డాయి. తప్పు తనదని ఆయనకి తెలిసిపోయింది. అవునమ్మా అని ఒక్క మాట అని ఉంటే ఆమె ఆయన్ని బతికినంతకాలం గౌరవించేది.

"ఈ బెంచీ ఎత్తు తక్కువ" అన్నాడాయన లేస్తూ. "వడ్రంగిని పిలిపించాలి."

అన్నంత పనీ చేశాడు. వారం తిరక్కుండా బెంచీలు పోయి, కూర్చున్నవాళ్ళ కళ్ళు నిలబడ్డ మాస్టారి కళ్ళ ఎత్తుకి వచ్చేలా పొడుగాటి స్టూళ్ళు వచ్చాయి. పిల్లలు కాళ్ళు వేలాడేసుకుని, పడిపోతామేమోనని భయపడుతూ గీశారు. "చూశారా, ఇప్పుడెంత చక్కగా కనిపిస్తోందో!" అని మాస్టారు మురిసిపోయాడు. ఆమె పాత బొమ్మని కొత్త ఎత్తుకి సరిపోదని పక్కన పడేశాడు. వంగి ఒక బకెట్టుని చూడలేక గదిలో సామానంతా మార్పించిన మనిషి! నవ్వొచ్చింది గానీ, ప్రదర్శన దగ్గర పడుతోంది.

ఆమె స్టూలు దిగి నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చుంది. బకెట్టు బల్ల మీదే ఉంది. అంత కిందనుంచి చూస్తే లోపలి గుండ్రం కనిపించనే కనిపించదు. చిట్లిన అంచు, తీగ చుట్టిన పిడి, గుడ్డల రంగు కారి ఎండిన చారలు, అవే గీసింది.

మాస్టారు రబ్బరు పట్టుకుని వంగాడు. చెరపడానికి ఆయనకి అలవాటైన మూతి లేదు. మిగతాది తప్పో ఒప్పో తేల్చాలంటే నేల మీద కూర్చోవాలి. నేల వంక చూశాడు, ప్యాంటు వంక చూశాడు, గుడ్లప్పగించి చూస్తున్న పిల్లల వంక చూశాడు. "సరే, దీన్ని గోడకి పెట్టండి" అని గొణిగి వెళ్ళిపోయాడు.

ప్రదర్శన రోజున పెద్దమ్మ వచ్చింది. బకెట్టు బొమ్మ ముందు మాస్టారు అతిథులకి వివరిస్తున్నాడు. "ఈ అమ్మాయిని కింద కూర్చుని గీయమని నేనే చెప్పానండీ. నేల మీద కూర్చుంటే గానీ వస్తువు తత్వం బోధపడదు." ఆ మాటకి అమ్మాయికి కాండ్రించి ఉమ్మేయాలనిపించింది.

పెద్దమ్మ మాత్రం నిజమేననుకుంది. అంతమంది చూస్తుండగా హాలు మధ్యలో చతికిలబడి తలెత్తి చూసింది.

"మీరూ కూర్చోండి మాస్టారూ. మీరే చెబితిరిగా."

అతిథులంతా ఆయనవైపు తిరిగారు.

"నాకు మోకాళ్ళ నొప్పులమ్మా" అన్నాడాయన.

పెద్దమ్మ ఆయన్ని మరి పట్టించుకోలేదు. చాలాసేపు బొమ్మనే చూసింది. "నేను చుట్టిన తీగ కూడా వేశావే" అంది నెమ్మదిగా. తర్వాత చెయ్యి చాపింది.

"లేపు నన్ను. రేపు క్లాసుకి ఇంకేదన్నా మోసుకుపో. నా బకెట్టు నాక్కావాలి."