కొచ్కోర్ తాత పట్టి ఉంచిన పచ్చిక

మా జిల్లాలో కొండమీది పచ్చికల డేటాబేస్ ఉన్న పెద్ద కంప్యూటర్‌ను చూసుకునేది నేనే. నాలుగు ఊళ్ల ఆఫీసులవాళ్లు నెట్‌వర్క్ మీద ఒకేసారి అందులో రాస్తారు. ఒకరు ఒక పేజీ తెరిస్తే, వాళ్లు మూసేదాకా ఇంకొకరు దాన్ని ముట్టుకోలేరు. ఒకరి రాత మీద ఇంకొకరు రాయకుండా ఆ తాళం పెట్టింది కూడా నేనే.

ఆ ఉదయం వంతెన దగ్గర నుంచి బురుల్చా ఫోన్ చేసింది.

"ఎర్మెక్ తమ్ముడూ, పచ్చిక నా పేరున ఉన్నట్టు చీటీ లేనిదే దాటనివ్వనంటున్నాడు ఈ కాపలావాడు. గొర్రెలన్నీ రోడ్డు మీదే. లారీలవాళ్లు నన్ను తిట్టడం అయిపోయింది, ఇప్పుడు గొర్రెల్ని తిడుతున్నారు."

ఆమె భర్త చలికాలంలో పోయాడు. పచ్చిక అతని పేరనే ఉంది. మా నియమం ప్రకారం కొత్త పేరు ఎవరు ముందు ఎక్కిస్తే ఆ వేసవికి అది వాళ్లదే. ఆమె కాగితాలు నాకు అందింది ఆ పొద్దునే. రాయబోతే తెరమీద ఒకటే మాట: ఈ పేజీ కొచ్కోర్‌బాయ్ వాడుతున్నారు.

ఆయన పై ఊళ్లో పచ్చికల సంఘం పెద్ద. ఫోన్ చేశాను.

"తాతా, బురుల్చా పేజీలో ఏం రాస్తున్నారు?"

"రాయడమేంట్రా? నిన్నటి నుంచి తెరిచి కూర్చున్నా. ఆ పిల్ల వచ్చేదాకా దాని చోటు పట్టి ఉంచొద్దూ? మూశానంటే కింది ఊరి తిలెక్ ఎక్కి కూర్చుంటాడు. వాడి గుమాస్తా తెల్లారినప్పటి నుంచీ మీట నొక్కుతూనే ఉన్నాడట."

"మీరు మూయకపోతే ఆమెకీ దొరకదు తాతా."

"వాడికీ దొరకదుగా!"

తాళం నేను ఇక్కడి నుంచే తీయగలను. తీస్తే ఎవరి వేలు ముందు పడితే వాళ్లది. తిలెక్ చెడ్డవాడేం కాదు, అతని గొర్రెలూ గడ్డే తింటాయి. నమాజు వేళ ఊరంతా ఒకేసారి దేవుణ్ని పిలుస్తుంది, ఆయన ఎవరినీ ఆగమన్నాడని వినలేదు. నా యంత్రానికి అంత ఓపిక ఎందుకు లేదో నాకు తెలియదు.

అప్పుడు తట్టింది.

"తాతా, పేజీ మీ చేతిలోనే ఉంది. ఆమె పేరు మీరే రాయండి."

"నేనా? నాకు తెరవడం ఒక్కటే నేర్పావు."

"ఇప్పుడు రాయడం నేర్పుతాను."

"ఈ అక్షరాలేంట్రా, మేకలు చెదిరినట్టున్నాయి!"

ఒక్కొక్క అక్షరం చెప్పాను. ఆయన ఒక్కొక్కటీ వెతికి, నన్ను తిట్టి, నొక్కాడు. ఈలోగా బురుల్చా రెండుసార్లు ఫోన్ చేసింది. రెండోసారి ఆమె మాటకంటే లారీల హారన్లే ఎక్కువ వినిపించాయి. పేరు పడింది. వంతెన దగ్గర చీటీ వచ్చింది, గొర్రెలు దాటాయి.

"ఇక మూసేయండి తాతా."

"గొర్రెలు పచ్చిక తొక్కనీ, అప్పుడు చూద్దాం."

కాసేపటికి తిలెక్ గుమాస్తా ఫోన్ చేశాడు.

"అన్నా, ఆ పేజీ ఇంకా తెరుచుకోవట్లేదు. మీ యంత్రం చెడిపోయిందా?"

"లేదు బాబూ, పనిచేస్తోంది," అన్నాను.

అందులో అబద్ధమేమీ లేదు. అయినా ఆ మధ్యాహ్నం నమాజులో మామూలు కంటే కొంచెం ఎక్కువసేపు కూర్చున్నాను.