నస మాన్పిన పుస్తకం

మా మరిదిని లాండ్రీలో అందరూ రేడియో అనేవారు. పొద్దున గేటు దాటింది మొదలు సాయంత్రం చెప్పులు వేసుకునేదాకా వాడి నోరు మూతపడేది కాదు. ఆవిరి ఎక్కువైంది, ఫ్యాను గాలి ఎవరికీ తగలడం లేదు, సబ్బు నీళ్లు కాలవలోకి పోకుండా కాళ్ల కిందికే వస్తున్నాయి, టీలో పంచదార లేదు. ఏదో ఒకటి. "అడగందే అమ్మైనా పెట్టదు వదినా, వీళ్లు పెడతారా?" అనేవాడు. నేను కాపురానికి వచ్చేనాటికి వాడికి మీసాలు కూడా రాలేదు. పెళ్లయ్యాక వేరే కాపురం పెట్టి, ఆ అమ్మాయి పుట్టింటికి వెళ్లి ఇక రాకపోవడంతో మళ్లీ మా ఇంటికే చేరాడు. వాడి నస భరించలేకే వెళ్లిపోయిందని మా ఆయన నమ్మకం. ఆ అమ్మాయిని ఎవరూ అడిగిన పాపాన పోలేదు.

మేం ముగ్గురం అక్కడే పనిచేసేవాళ్లం. ఆస్పత్రులకీ హోటళ్లకీ దుప్పట్లు ఉతికి పంపే పెద్ద లాండ్రీ అది. చిరిగిన దుప్పట్లు కుట్టే బల్ల నాది. తడి దుప్పట్లను వేడి రోలరులోకి అందించే పని రేడియోది. మా ఆయన ఇద్దరికీ సూపర్‌వైజరు. అంటే ఇంట్లో మొగుడు, అక్కడా మొగుడే.

ఒకసారి కంపెనీవాళ్లు సూపర్‌వైజర్లందరినీ ఏదో శిక్షణకి పిలిచి, తలా ఒక పుస్తకం ఇచ్చి పంపారు. పనిలో, అలవాట్లలో, సంసారంలో ఎలా బాగుపడాలో అందులో రాశారట. కరెంటు బిల్లు తప్ప ఇంకేదీ చివరిదాకా చదవని మా ఆయన, దాన్ని పెన్సిలుతో గీతలు గీసుకుంటూ చదివాడు. అందులో ఒక వాక్యం ఆయనకి బాగా ఎక్కింది: సమస్యతో రాకు, పరిష్కారంతో రా. పెద్ద అక్షరాలతో అట్టమీద రాసి రోలరు పక్క గోడకి ఒకటి, మా ఇంట్లో ఫ్రిజ్ తలుపుకి ఒకటి అంటించాడు.

లాండ్రీలో నియమం పెట్టాడు. ఇబ్బంది చెప్పేవాళ్లు దానికి మందు కూడా చెప్పాలి. లేకపోతే నోరు మూసుకుని పనిలోకి పోవాలి. పరిష్కారం తెచ్చినవాళ్లకి పొద్దున పని మొదలయ్యే ముందు అందరి చేతా చప్పట్లు.

"అన్నయ్యా, కప్పు కారుతోంది," అన్నాడు రేడియో మొదటిరోజే.

"పరిష్కారం?"

"బాగు చేయించడం."

"ఎవరి చేత? ఎలా?"

"అది నాకేం తెలుసు?"

"తెలిశాక రా."

అందరూ నవ్వారు. వాడూ నవ్వాడు, కానీ చెవులు ఎర్రబడ్డాయి. నేను చూశాను.

ఇంట్లో నా దగ్గర ఆ పప్పులు ఉడకలేదు. కూరలో ఉప్పు తగ్గిందని ఆయన అనగానే, "పరిష్కారం?" అన్నాను. ఆయన బిత్తరపోయి చూస్తుంటే, "రేపట్నుంచి మీరే వండండి," అన్నాను. నా జోలికి మళ్లీ రాలేదు. రేడియోకి మాత్రం ఆ తెగువ లేదు. వాడికి అన్నయ్యంటే చిన్నప్పట్నుంచీ తండ్రి లెక్క. వాడు నోరు తెరవడం, మా ఆయన కనుబొమ్మలెత్తడం, వాడు మూసుకోవడం. అలా అలా మానేశాడు. పంచదార లేని టీ చప్పుడు చెయ్యకుండా తాగాడు. తడి చెప్పులతోనే తిరిగాడు.

"చూశావా? పుట్టు నస. ఒక్క వాక్యంతో వదిలింది," అన్నాడు మా ఆయన, పరీక్ష పాసైనంత సంబరంగా.

"నాకు మాత్రం ఇంట్లో మనిషి పోయినట్టుంది."

"నీదంతా నెగెటివ్."

నాకు ఒళ్లు మండింది. మనిషి మాట్లాడటం మానేస్తే బాగుపడ్డట్టేనా?

ఇస్త్రీ రోలరు ముందు అడ్డంగా ఒక కడ్డీ ఉంటుంది. చెయ్యి దుప్పటితోపాటు లోపలికి పోబోతే ముందు ఆ కడ్డీకి తగులుతుంది, రోలరు టక్కున ఆగుతుంది. ఆ కడ్డీకి ఏదో తెగులు పట్టింది. ఏదీ తగలకపోయినా మాటిమాటికీ మిషను ఆపేస్తోంది. దుప్పట్లు గుట్టలు పడుతున్నాయి. పాత రేడియో అయితే మెకానిక్‌ని పిలిపించేదాకా లాండ్రీ కప్పు లేపేసేవాడు. ఇప్పుడు ఊరుకున్నాడు. ఒక మధ్యాహ్నం నా బల్ల దగ్గరికి వచ్చి, "వదినా, గట్టి పేలిక ఒకటి ఉంటే ఇవ్వు," అన్నాడు.

"దేనికి?"

"పరిష్కారం దొరికింది," అని నవ్వాడు. చేతులు తుడుచుకోవడానికేమో అనుకుని దుప్పటి అంచు చించి ఇచ్చాను.

మర్నాడు పొద్దున వాడే ముందుకొచ్చి నిలబడ్డాడు. "రోలరు ఊరికే ఆగిపోయేది అన్నయ్యా. ఇప్పుడు ఆగడం లేదు."

"విన్నారా!" అన్నాడు మా ఆయన అందరివైపూ తిరిగి. "ఏడుపు లేదు, నస లేదు. పరిష్కారం తెచ్చి చేతిలో పెట్టాడు. కొట్టండి చప్పట్లు!"

ఎలా చేశావని అడగలేదు. నాలుగడుగులు వేసి రోలరు చూసినా, కడ్డీని వెనక్కి లాగి కట్టేసిన పేలిక కనిపించేది. వేయలేదు. వీపు తట్టాడు. అన్నయ్య వీపు తట్టిన ఆనందంలో రేడియో ముఖం వెలిగిపోయింది.

ఆ వారంలోనే దుప్పటి కొస ఒకటి మడతపడితే సరిచేయబోయాడు. కడ్డీ వెనక్కి కట్టి ఉంది. కుడిచెయ్యి మణికట్టుదాకా రోలరులోకి పోయింది. కేక విని నేను పరుగెత్తాను. దుప్పట్లు మడతపెట్టే ఆవిడ ఎవరో మెయిన్ స్విచ్ ఆపింది. ఆస్పత్రిలో ఆ చెయ్యి మణికట్టు దగ్గర తీసేశారు.

మేనేజరు వచ్చి అందరినీ నిలబెట్టి విచారించాడు. "కడ్డీ కట్టిన సంగతి నాకు తెలియదండీ," అన్నాడు మా ఆయన. అబద్ధం కాదు.

"చప్పట్లు కొట్టించిన సంగతి కూడా చెప్పండి," అన్నాను నేను.

మేనేజరు మిగతావాళ్లని అడిగాడు. ఒక్కరూ నోరు విప్పలేదు. అంతమందీ కొట్టిన చప్పట్లే. ఎవరి దగ్గరా పరిష్కారం లేదు కాబోలు. పనివాడి అజాగ్రత్త అని రాసుకుని వెళ్లిపోయాడు.

రేడియోని ఇంటికి తెచ్చుకున్నాం. మా ఆయన ఫ్రిజ్ మీది అట్ట చింపేశాడు. పుస్తకం చెత్తలో పారేశాడు. తమ్ముడికి అన్నం కలిపి తనే తినిపించేవాడు.

"నొప్పిగా ఉందారా?"

"బాగానే ఉందన్నయ్యా."

"తిట్టాలనిపిస్తే తిట్టరా నన్ను. కొట్టినా కొట్టు."

"నిన్నెందుకు తిడతాను? ఊరుకో."

రేడియోకి అన్నం తగ్గింది. పగలు కూడా గోడవైపు తిరిగి పడుకునేవాడు. అలసట అనుకున్నాం. ఒకరోజు వాడి దిండు గలీబు మారుస్తుంటే వాసన తగిలింది. ఆస్పత్రి బట్టల మధ్య బతికినదాన్ని, ఆ వాసనేమిటో నాకు వెంటనే తెలిసింది. నుదురు ముట్టుకుంటే కాలిపోతోంది. కట్టు విప్పాను. లోపల చీము పట్టి, ఎరుపు మోచెయ్యిదాకా పాకి ఉంది.

"ఇంత దూరం వచ్చేదాకా ఏం చేస్తున్నారు?" అని ఆస్పత్రిలో డాక్టరమ్మ కేకలేసింది.

మా ఆయన మంచం పట్టె పట్టుకుని వంగాడు. "ఎప్పట్నుంచిరా ఇలా ఉంది? ఎందుకు చెప్పలేదు?"

రేడియో తప్పు చేసినవాడిలా చూశాడు. "ఏం చెయ్యాలో నాకు తెలియలేదన్నయ్యా. తెలిశాక చెబుదామనుకున్నాను."

మా ఆయన అక్కడే నేలమీద కూలబడ్డాడు. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందని సామెత. ఆ పూట ఆ సామెత ఆయన ముఖాన కొట్టాలని నోటిదాకా వచ్చింది. మింగేశాను. ఆయన ఏడుపు చూసి జాలిపడ్డాను, అంతకంటే ఎక్కువ కోపం వచ్చింది. ఆ కోపం ఇప్పటికీ పోలేదు.

ఈసారి మోచెయ్యి పైదాకా తీసేశారు.

ప్రాణం దక్కింది. ఇంట్లోనే ఉంటాడు. ఆకలేస్తోందా అంటే లేదంటాడు. చలేస్తోందా అంటే పర్లేదంటాడు. చెమటకి చొక్కా తడిసిపోతున్నా ఫ్యాను వెయ్యమనడు. మొదట్లో మా ఆయన బతిమాలేవాడు. "ఏదో ఒకటి అనరా, టీ బాగాలేదనైనా అను." రేడియో కప్పు ఎత్తి, బాగుందన్నయ్యా అనేవాడు.

ఇప్పుడు మేం వాడిని ఏమీ అడగం. పొద్దునా సాయంత్రం అన్నయ్య వాడి చొక్కా విప్పుతాడు, నేను ఒళ్లంతా తడిమి చూస్తాను, మాటలు రాని పసిపిల్లాడిని చూసినట్టు. వాడు అటు తిరగమంటే అటు, ఇటు తిరగమంటే ఇటు తిరుగుతాడు.