చెప్పుల వరుస

డాక్టర్ నవతను మౌలాలికి పంపాలా వద్దా అన్నది శుక్రవారం సాయంత్రం నాలుగు గంటలకు తేలవలసి ఉంది. ఆ ఉదయం వరకు, పంపడమే న్యాయమని నేను నమ్మాను. ఆ నమ్మకానికి ఆధారం నా చేతివ్రాతే.

మా ఆరోగ్య కేంద్రాన్ని నెలకొకసారి చూసి నివేదిక ఇచ్చే పౌరుల సంఘంలో మేము అయిదుగురం. జీతం లేదు, అడిగే హక్కు మాత్రం ఉంది. డాక్టర్ల సర్దుబాటుకు మా సిఫారసే ఆధారం. ఏప్రిల్ తనిఖీ ఆ మంగళవారం జరిగింది. ‘పది గంటలకు వేచి ఉన్న రోగులు’ అన్న గడిలో ‘నలుగురు’ అని రాసి సంతకం చేశాను. నలుగురు రోగులకు ఇద్దరు డాక్టర్లెందుకు? మౌలాలి వైపు కొత్తగా తెరిచిన కేంద్రంలో ఒక్కరూ లేరు.

శుక్రవారం ఉదయం రక్తపోటు మాత్రల కోసం వెళ్లినప్పుడు గేటు పక్కన మెట్టు మీద అక్బర్ బీ కనిపించింది. రవికెలకు హుక్కులు కుట్టి బతికే మనిషి. మధుమేహానికి మందుల కోసం బోయిగూడ నుంచి నడిచి వస్తుంది. రెండు పాదాలకూ కట్లున్నాయి.

"ఏమైంది అక్బర్ బీ?"

"కాలినయమ్మా. మంగళారం డాంబర్ రోడ్డు మీద ఉత్తకాళ్లతోని నడిచిన. నాకు కాళ్లల్ల స్పర్శ లేదు గదా, ఇంటికి పొయ్యి చూసుకునేదాక తెల్వలే. నవతమ్మ దినం తప్పి దినం కట్టు మారుస్తున్నది. ఆమె పోతే నన్నెవరు చూస్తరు? పెద్దాసుపత్రి దాక ఈ కాళ్లతోని ఎట్ల పోవాలె?"

"చెప్పులు లేకుండా ఎందుకు నడిచారు?"

ఆమె నన్నొక క్షణం తేరిపార చూసింది. "లైన్ల పెట్టిన. మీరే తీపిచ్చిన్రంట గదా."

అవును. మంగళవారం ఎనిమిదిన్నరకే ఒకసారి వచ్చి చూశాను. వరండా పొడవునా చెప్పులు, నీళ్ల సీసాలు, సగం ఇటుకలు, రాయి కింద పెట్టిన పాత మందుల చీటీలు. మనుషులు లేరు. సభ్యులు వచ్చేలోగా ఆ చెత్తంతా తీసేయమని అటెండర్ లక్ష్మణ్‌కు చెప్పి, చిలకలగూడలోని మా ఇంటికి వెళ్లి, పది గంటలకు మిగతా సభ్యులతో తిరిగి వచ్చాను. వరండా అద్దంలా ఉంది. లోపల నలుగురున్నారు.

లక్ష్మణ్ మందుల గది దగ్గర దొరికాడు.

"నేను చెప్పిన గదమ్మా, అవి లైనని. పొద్దుగాల ఆరింటికే పెట్టిపోతరు. ఎవరి చెప్పులు ఎవరూ ముట్టరు. మీరేమో, లైనంటే మనుషులు నిలబడాలె, చెప్పులు గాదు అన్నరు."

అన్నాను. నేను చదివిన కాన్వెంటు బడిలో సిస్టర్లు నేర్పిన వరుస అది: ముందున్న పిల్ల భుజానికి చేయి చాపినంత దూరం. అరవై ఏళ్లుగా మరో వరుస ఉంటుందని నాకు తోచలేదు.

"వాళ్లు తిరిగి వచ్చినప్పుడు ఎందుకు ఇవ్వలేదు?"

"స్టోర్ రూంల పెట్టి తాళమేసిన. తాళంచెవి ఫార్మసిస్టు సార్ తీస్కపోయిండు, సార్ వచ్చేసరికి పదకొండయింది. ఈలోపు జనం ఎవరి తర్వాత ఎవరని లొల్లి షురూ చేసిన్రు. తనిఖీకి పెద్దోళ్లు వస్తున్నరు, రేపు రాండ్రి అని నేనే పంపిన. మీకు పరేషాన్ గావద్దని."

"ఎంతమందిని పంపావు?"

"ముప్ఫై దాటుతరు. కొందరు మల్ల వచ్చి తీస్కపోయిన్రు. ఇంక తొమ్మిది జతలున్నయి."

ఆ గోనెసంచిని ఇంటికి తెచ్చి కుర్చీ పక్కన పెట్టుకున్నాను. నివేదిక నకలు తీసి మళ్లీ చదివాను. నా అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయి. అన్నం వడ్డించుకుని తినకుండానే లేచాను. గడియారం ఒకటి దాటింది, రెండు దాటింది. వీధి చివరి దాకా నడిచి, ఎందుకు వచ్చానో తెలియక వెనక్కి వచ్చాను. మూడున్నరకు సంచి ఎత్తుకుని సంఘం సమావేశానికి బయలుదేరాను.

సంఘానికి అధ్యక్షులు రామభద్రరావు గారు. రైల్వేలో అధికారిగా చేసి పదవీ విరమణ పొందారు. నన్ను చూసి నవ్వారు.

"లీలాకుమారి గారూ, రేషన్ షాపు నుంచి నేరుగా వస్తున్నారా?"

"మంగళవారం నాటి రోగులండీ," అని సంచి విప్పాను. తొమ్మిది జతలనూ గోడ వెంట వరుసగా పెట్టి, జరిగినదంతా చెప్పాను. చివరి జత అక్బర్ బీది. మధుమేహం ఉన్నవాళ్ల కోసం మెత్తటి అడుగుతో కుట్టిన చెప్పులు.

ఆయన నవ్వు ఆగింది. "సంతకమైన నివేదికను మార్చే పద్ధతి లేదండీ. అయినా, మౌలాలి వాళ్లు మాత్రం మనుషులు కారా?"

"వాళ్లకూ డాక్టరు కావాలి. కొత్త డాక్టరును వేయమని రాయండి, మొదటి సంతకం నాది. నా తప్పుడు అంకెను చూపించి ఇక్కడి డాక్టరును తీయకండి."

"తప్పుడు అంకె అని కాగితం మీద పడితే, మూడేళ్లుగా మీరు రాసిన ప్రతి అంకెనూ అనుమానిస్తారు. ఆలోచించుకోండి."

"అనుమానించనివ్వండి."

చాలాసేపు వాదించుకున్నాక అందరం ఒక నిర్ణయానికి వచ్చాం. సోమవారం ఉదయం ఏడు గంటలకు, సిబ్బందికి చెప్పకుండా, ఆయనే వచ్చి లెక్కిస్తారు. చెప్పులనూ లెక్కిస్తారు. ముప్ఫై దాటితే డాక్టర్ నవత ఇక్కడే ఉంటుంది. ఆ లెక్కలో నా మాట చెల్లదు. ఒప్పుకున్నాను.

ఆ సాయంత్రమే బోయిగూడ వెళ్లి అక్బర్ బీకి చెప్పులు అందించాను. క్షమించమని అడిగాను. ఆమె చెప్పులను తిప్పి అడుగులు చూసుకుంది.

సోమవారం ఆరున్నరకే వెళ్లాను. వరండాలో ఎప్పటిలాగే చెప్పులు, సీసాలు, ఇటుకలు. వాటి మధ్య ఒకే ఒక మనిషి నిలబడి ఉంది. అక్బర్ బీ. కట్ల మీదే చెప్పులు తొడుక్కుని, గోడకు చేయి ఆనించి, బరువు ఈ కాలి మీద నుంచి ఆ కాలి మీదకు మార్చుకుంటోంది.

"చెప్పులిక్కడ వదిలి వెళ్లి కూర్చోండి. ఈసారి ఎవరూ తీయరు."

"పోయినసారి సుత ఎవరూ తియ్యరనే అనుకున్నమ్మా."

ఆ కాళ్లతో, కేంద్రం తెరిచే తొమ్మిదింటి దాకా నిలబడటం ఆమె వల్ల కాదు. నేను నా చెప్పులు విప్పి ఆమె పాదాల పక్కన పెట్టాను.

"మీ చోటులో ఇవి ఉంటాయి. మీరు వెళ్లి కూర్చోండి."

అక్బర్ బీ వాటిని చూసింది. "మీ చెప్పులైతే ఎవరు ముడతరు లే," అని మెల్లగా రోడ్డు దాటి, ఎదురుగా టీ కొట్టు బెంచీ మీద కూర్చుంది. చూపు మాత్రం వరండా వదల్లేదు.

రామభద్రరావు గారు ఏడింటికి వచ్చారు. ఒక్కొక్క వస్తువు దగ్గరా వంగి, కాగితం మీద గీత గీస్తూ నడిచారు. పద్దెనిమిది దాటి నా చెప్పుల దగ్గర ఆగారు.

"ఇవి మీవి కదండీ."

"అక్బర్ బీ స్థానం."

"మీ మాట లెక్కలోకి రాదని అనుకున్నాం."

ఆయన కలం గాలిలోనే ఉంది. నా అరికాళ్ల కింద గచ్చు అప్పుడే వేడెక్కుతోంది. ఎదుటి బెంచీ మీద అక్బర్ బీ లేచి నిలబడి చేయి పైకెత్తింది.

రామభద్రరావు గారు అటు చూశారు. పందొమ్మిదో గీత గీసి, పక్కనున్న సగం ఇటుక వైపు వంగారు. ఆ తర్వాత కూడా వరుస వరండా మెట్లు దిగి, గేటు దాకా ఉంది.